ఏజెంటుకు మొదటి ముద్ద

చుక్క పడుతోంది, ఆగుతోంది, మళ్లీ పడుతోంది. ఇనుప కొక్కేనికి తగిలించిన గ్లూకోజు సీసాలోంచి సన్న గొట్టంలోకి, ఆ గొట్టంలోంచి మా ఏజెంటు ముందరి కాల్లోకి. ఏజెంటు మా కుక్క. కుక్కను వాడు వీడు అంటావేంటని మా ఆడది యల్లమ్మ నవ్వుతుంది కానీ నాకు వేరే మాట నోటికి రాదు. వాడు బల్ల మీద పక్కకు వాలి పడుకున్నాడు, పొట్ట ఎగసి పడుతోంది, కళ్లు సగం తెరిచి ఉన్నాయి. ప్రొద్దుటూరు పశువుల ఆసుపత్రి గోడ గడియారం పదకొండు దాటి పది నిమిషాలు చూపిస్తోంది. డాక్టరు జయకర్ గారు సూది వేసి, సీసా తగిలించి, వెనక షెడ్డులో ఎవరిదో బర్రె ఈనలేక అరుస్తుంటే అక్కడికి పోయినాడు. నా ఒళ్లో స్టీలు డబ్బా ఉంది. అందులో మా అక్క సుంకులమ్మ పంపిన రవ్వ లడ్లు. వాటిలో అయిదు ఏజెంటు కడుపులో పడ్డాయి. పన్నెండు లోపల నేను ఇంటికి ఫోన్ చేసి కుక్క బతికిందనో చచ్చిందనో చెప్పాలి. చచ్చిందని చెబితే, ఆ డబ్బా మోసుకొచ్చిన గాజుల అమీర్ బాషా ఈ రోజు తన కాళ్ల మీద నడిచి ఇంటికి పోడు. అందుకే గడియారం చూడకూడదని చుక్కలు చూస్తున్నాను. చుక్కలు కూడా గడియారం మాదిరే పడుతున్నాయి, ఏం చేస్తాం.

పాపం అమీర్ బాషా. భుజాన గాజుల మూట వేసుకుని జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా తిరగని పల్లె లేదు. ఊళ్లు రెండు పార్టీలై, ఒకరి బావిలో ఒకరు చేద వేయని ఏండ్లలో కూడా ఆయనను ఎవ్వరూ ఆపలేదు. గాజులు వేసుకోని పార్టీ ఏదీ లేదు మరి. రెండు పార్టీల ఆడవాళ్ల చేతులూ పట్టుకున్న మగవాడు ఈ చుట్టుపక్కల ఆయనొక్కడే అని మా నాయకుడు, మేమందరం పెద్దాయన అనే మనిషి, ఎగతాళి చేసేవాడు. నిన్న సాయంత్రం వచ్చి మూట దించి, గుడ్డలో కట్టిన ఈ డబ్బా నా చేతిలో పెట్టినాడు. వీరపునాయునిపల్లె అవతల మా అక్క ఊరి నుంచి తెచ్చాడట. "మీ యక్క ఇచ్చింది మామా. ఏం చెప్పమనలేదు, ఇచ్చిరమ్మనింది అంతే" అన్నాడు. పదకొండేళ్లయింది ఆమె పేరు మా ఇంట్లో పలికి. డబ్బా పట్టుకుంటే సంతోషమో భయమో నాకే తెలియలేదు, రెండూ అనుకుంటాను.

అక్క ఇప్పుడే ఎందుకు పంపిందంటే కారణం అందరికీ తెలిసిందే. పోయిన నెల జమ్మలమడుగు మీటింగులో మా పెద్దాయనా, అవతలి పెద్దాయనా ఒకే కండువా కప్పుకుని ఒకే మైకు ముందు నిలబడ్డారు. ఎలక్షన్లు వస్తున్నాయి, పైవాళ్లు కలవమన్నారు, కలిశారు. ఒకరి మెడలో ఒకరు గజమాల వేసుకున్నారు. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను, నా పక్కన మా అన్న కొడుకు కుళ్లాయప్ప చేతులు కట్టుకుని కూర్చున్నాడు. వాడి నాయనను చంపినవాళ్ల నాయకుడు మైకులో వాడి నాయన పేరు తలుచుకుని కంటతడి పెట్టినాడు. పెద్దవాళ్లకు ఒక పూటలో అయిపోయింది. మాకెట్లా అవుతుంది? కండువాలు ఒక్కటయినా, మా ఇండ్లలో ఫోటోలకు దండలున్నాయి. మా అన్నను ఈ ప్రొద్దుటూరు దారిలోనే, ఒక కల్వర్టు దగ్గర చంపినారు. పొద్దున ఏజెంటును ఒళ్లో వేసుకుని ఆటోలో వస్తుంటే ఆ కల్వర్టు దాటినాము. పదకొండేళ్లుగా అక్కడికి రాగానే తల తిప్పుకుంటాను. ఈ రోజు మాత్రం వాడు కక్కుతుంటే మూతి తుడుస్తూ ఉండిపోయి కల్వర్టు దాటిన సంగతే తర్వాత గుర్తొచ్చింది.

ఆ కేసులో అవతలి పార్టీలో ఉన్న మా బావ, సుంకులమ్మ మొగుడు, నాలుగో ముద్దాయి. ఆ రోజు బావ అక్కడ ఉన్నాడా లేడా అంటే నాకు ఇప్పటికీ తెలియదు. ఇది నేను ఎవరితోనూ అనలేదు, ఇక్కడ బర్రె అరుపులు వింటూ కుక్క పక్కన కూర్చుని నాకు నేను చెప్పుకుంటున్నాను. అప్పట్లో స్టేషన్లో పేర్లు రాయించేటప్పుడు ఇంటికొకరిని రాయించేవాళ్లు. చేసినవాడు ముగ్గురైతే కాగితంలో పన్నెండు మంది. ఆ ఇంట్లో ఎవరుండారు అని పెద్దాయన అడిగినాడు, మా బావ అని నేను చెప్పినాను, అయితే రాయించు అన్నాడు, రాయించినాను. పద్నాలుగు నెలలు బావ కడప జైల్లో ఉన్నాడు. తర్వాత సాక్షులు ఎదురు తిరిగారు, కేసు పోయింది. కానీ అక్క పద్నాలుగు నెలలూ బస్సులెక్కి జైలు గేటు దగ్గర నిలబడింది. అన్నను పోగొట్టుకున్న ఏడుపు ఏడవడానికి కూడా ఆమెకు పుట్టింటి గడప లేకుండా చేసినవాణ్ణి నేనే. అట్లాంటి మనిషి నుంచి లడ్లు వస్తే ఏమనుకోవాలి? క్షమించింది అనుకోవాలా, బదులు తీర్చుకుంటోంది అనుకోవాలా? కుళ్లాయప్ప రెండోదే అనుకున్నాడు. నేను ఏమీ అనుకోలేదు, చేతికి అలవాటైన పని చేశాను. మూత తీసి ఒక లడ్డు ఏజెంటుకు పెట్టాను.

ఆ అలవాటు పెద్దాయన ఇంటి నుంచి మాకంతా అంటుకుంది. బయటి నుంచి ఏ వండిన వస్తువు వచ్చినా, పెళ్లి భోజనమైనా, గుడి ప్రసాదమైనా, మొదటి ముద్ద కుక్కకు. ఒక బీడీ కాలిందాక ఆగడం, కుక్క బాగుంటే తినడం. ఏజెంటుకు ముందు మా ఇంట్లో రెండు కుక్కలు ఆ పనికే బతికాయి. వాటికి పేర్లు కూడా పెట్టలేదు. పేరు పెడితే ముద్ద పెట్టడం కష్టమని పెద్దాయన మనిషి ఒకడు చెప్పినాడు, నిజమే అనుకున్నాను. నేను గొర్రెలు కాసిన ఇంట్లో పుట్టిన మనిషిని. మా నాయన మంద వెంట పోయే కుక్కలకు తను తినే సంగటే పెట్టేవాడు, అవి తిన్నాకే తను తినేవాడు, కష్టం చేసినవాళ్లు ముందు తినాలని. పని చూస్తే ఒక్కటే, కుక్కకు ముందు పెట్టడం. ఆయన ఎందుకు పెట్టాడు, నేను ఎందుకు పెట్టాను.

ఏజెంటుకు మాత్రం పేరు ముందే వచ్చింది. తొమ్మిదేళ్ల కిందట, అసెంబ్లీ ఎలక్షన్ల రోజు, మా ఊరి బడిలో. మా పార్టీ ఏజెంటుగా నేను, అవతలి పార్టీ ఏజెంటుగా చర్చి వీధి దాసయ్య, ఒకే బెంచీ మీద చెరొక కొసన, నడుమ పోలీసు కూర్చునేంత ఖాళీ. బడి వరండా కింద ఈనిన కుక్క పిల్లల్లో ఒకటి పాకుతూ వచ్చి మా బల్ల కింద దూరింది. దాసయ్య పాదం మీద తల పెట్టి, నా చెప్పు కొరుకుతూ పడుకుంది. దాసయ్య ఒక బిస్కెట్టు ముక్క వేశాడు, నేనొకటి వేశాను. సాయంత్రం పెట్టెలు సీలు వేస్తూ, ఈ బూతులో గొడవ చెయ్యని ఏజెంటు ఇదొక్కటే అని ఎలక్షన్ ఆఫీసరు నవ్వాడు. దాసయ్యా నవ్వాడు, నేనూ నవ్వాను, నవ్వి ఇద్దరమూ తప్పు చేసినట్టు మొగాలు తిప్పుకున్నాము. నేను తువ్వాల్లో చుట్టుకుని ఇంటికి తెచ్చాను. ఎందుకు తెచ్చానంటే, సిగ్గుగా ఉంది కానీ, పాత కుక్క ముసలిదైంది, మొదటి ముద్దకు ఇంకొకటి కావాలి. అందుకే తెచ్చాను.

వాడు ఎట్లా తింటాడో చూసింది యల్లమ్మ. పాత కుక్కలు వాసన చూసి, ఒకసారి నాకి, అటూ ఇటూ చూసి తినేవి. వీడు అట్లా కాదు. అరచేతిలో పెట్టి ముందుకు చాపితే నా మొగంలోకి చూస్తాడు, తోక ఒకసారి ఊపుతాడు, తినేస్తాడు. వాసన చూడడు. యల్లమ్మ ఒక రోజు అరుగు మీద బియ్యం ఏరుకుంటూ, చాట పక్కన పెట్టి అనింది, "అది కూడు చూసి తినడంల్యా. నీ చెయ్యి చూసి తింటాండాది. ఆ చేత్తో నువ్వేం పని చేయిస్తాండావో చూసుకో." ఆ మాట నాకు గుచ్చుకుంది. గుచ్చుకున్నా మానలేదు. ఎనిమిదేళ్లు పెడుతూనే వచ్చాను. ముద్ద పెట్టిన ప్రతిసారీ బీడీ కాలిందాక వాడి పక్కనే కూర్చునేవాణ్ణి, వాడు బాగున్నాడని తెలిశాక ఇంకో రెండు ముద్దలు ఎక్కువ పెట్టేవాణ్ణి. అదొక లంచం. వాడు దాన్ని కూడా ప్రేమే అనుకున్నాడు.

పదకొండున్నర. సీసాలో సగం దిగింది. వాడి చెవి ఒకసారి కదిలింది, ఈగ కోసమో, నా కోసమో. ఆ చెవి దాసయ్య గోకి గోకి ఒకవైపు వాలిపోయింది అని మా ఇంట్లో ఎగతాళి. అదొక కథ. అన్న పోయిన తర్వాత నేను ఒక దారిలో రెండోసారి పోయేవాణ్ణి కాదు, ఒక వేళకు బయటికి వచ్చేవాణ్ణి కాదు, టీ అంగట్లో రోడ్డుకు వీపు పెట్టి కూర్చునేవాణ్ణి కాదు. భయమని ఒప్పుకునేవాళ్లం కాము, జాగ్రత్త అనేవాళ్లం. వీడికి జాగ్రత్త తెలియదు. పొద్దున ఆరు కొట్టగానే చర్చి వీధి మీదుగా వంక దాకా పోవాలి, అదే దారి, అదే వేళ, అదే రాయి మీద కాలెత్తాలి. మొదట్లో వదిలేసి ఇంట్లో కూర్చున్నాను, వంక దగ్గర పంది ఉచ్చులు పెడతారని ఒక రోజు వెంట పోయినాను, మరుసటి రోజు కూడా పోయినాను. అట్లా అన్న పోయిన ఆరేళ్లకు తెల్లవారుజామున వంకలో నీళ్లు ఎట్లా ఉంటాయో చూశాను. నన్ను చంపాలనుకున్నవాడికి అంతకంటే సులువైన వేళ దొరకదు. ఎవ్వరూ రాలేదు. దాసయ్య మాత్రం వాకిట్లో పళ్లు తోముకుంటూ ఉండేవాడు. ఏజెంటు నేరుగా ఆయన దగ్గరికి పోయి చెవి అప్పజెప్పేవాడు. మాకు మాటల్లేవు కదా, దాసయ్య కుక్కతో మాట్లాడేవాడు. "ఏమప్పా ఏజెంటూ, మీ ఇంట్లో అందరూ బాగుండారా" అనేవాడు. నేను కుక్కకే చెప్పేవాణ్ణి, బాగుండామని చెప్పురా అని. రెండేళ్లు అట్లా కుక్క మీదుగా మాట్లాడుకున్నాము. ఒక రోజు ఆయన భార్య సుందరమ్మకు జ్వరమని కుక్కతో చెబితే, నేను మరిచిపోయి నేరుగా ఆయనతోనే, ఆసుపత్రికి తీసుకపోదాం పదప్పా అన్నాను. ఎవరికి ఎవరు ఏజెంటో అప్పుడు తెలిసింది నాకు.

కుళ్లాయప్పకూ వాడంటే ప్రాణమే, అదే ఇప్పుడు ప్రమాదం. ఏదో గొడవ కేసులో కుళ్లాయప్పను నెల రోజులు రిమాండులో పెడితే, ఏజెంటు నెల రోజులూ వాడి చెప్పుల మీద పడుకున్నాడు. బెయిలు మీద వచ్చిన రోజు, నాయన శవం ముందు కూడా ఏడవని కుళ్లాయప్ప కుక్క మెడ పట్టుకుని ఏడ్చాడు. ఆ కుళ్లాయప్పే నిన్న సాయంత్రం, ఒక లడ్డుకు ఏం తెలుస్తుంది, ఇంకా పెట్టు చిన్నాయనా అన్నాడు. నాలుగు పెట్టాను. బీడీ లెక్క చాలదు, తెల్లారిందాక ఆగుదాం అన్నాడు. తెల్లారేసరికి ఏజెంటు లేవలేదు. వాకిలంతా కక్కి, ఆ కక్కులోనే పడుకుని ఉన్నాడు. నన్ను చూసి తోక నేలకు కొట్టాడు, ఒకసారి. కుళ్లాయప్ప పోయి మసీదు దగ్గర పడుకున్న అమీర్ బాషాను లేపుకొచ్చి మా అరుగు మీద కూర్చోబెట్టాడు. తను ఎదురుగా మంచం వేసుకున్నాడు, మంచం కింద ఏముందో నేను చూడలేదు, చూడకపోయినా తెలుసు. "పన్నెండు లోపల ఫోన్ చెయ్యి చిన్నాయనా. ఏజెంటు పోయిండాడంటే మాత్రం ఈయప్ప ఈన్నించి లేయడు. ఆమీట నేను మేనత్త ఊరికి పోతా" అన్నాడు. అమీర్ బాషా గాజుల మూట ఒళ్లో పెట్టుకుని, నా వైపు చూసి, కుక్కను తీసుకపో మామా, ఆలస్యం చేయొద్దు అన్నాడు. తన గురించి ఒక్క మాట అడగలేదు.

పావు తక్కువ పన్నెండు. ఎందుకో వాణ్ణి తన్నిన రోజు గుర్తొస్తోంది. ఏజెంటు మా ఇంటికి వచ్చిన ఏడాదే కోర్టులో కేసు కొట్టేశారు. ఆ రోజు ఇంటికి వచ్చి, కాళ్లకు అడ్డం పడ్డాడని పిల్లగా ఉన్న వాణ్ణి తన్నాను, గోడకు పోయి తగిలాడు. సాయంత్రం దాకా కుంటుతూ తిరిగాడు. దీపాలు పెట్టే వేళకు వచ్చి, తన్నిన కాలి మీదే తల పెట్టి పడుకున్నాడు. మరిచిపోయాడు అనుకున్నాను అప్పుడు. మరిచిపోవడం కాదు, నేను చెప్పులు వేసుకునేటప్పుడు చానా రోజులు పక్కకు జరిగేవాడు. గుర్తుండి కూడా వచ్చాడు. అంత పెద్ద మనసు ఇంత చిన్న ఒంట్లో ఎట్లా పట్టిందో. గుర్తుండి కూడా రావడం ఒకటుందని, నాకు బడిలో చెప్పలేదు, పార్టీలో చెప్పలేదు, వీడు చూపించాడు. మరి అక్క? అక్కకు కూడా అన్నీ గుర్తుండి ఈ డబ్బా పంపిందేమో. అది తెలుసుకోవడానికి నేను ఒక కుక్క పొట్టను అడుగుతున్నాను.

డబ్బా మూత తీశాను. నెయ్యి వాసన. డాక్టరు ఇంకా రాలేదు. వీడు బతుకుతాడో లేదో ఈ పదిహేను నిమిషాల్లో చెప్పేవాళ్లు లేరు. చెప్పినా కుళ్లాయప్ప నమ్మే సాక్ష్యం ఒక్కటే ఉంది, అది నా చేతిలో ఉంది. బతకాలని లేక కాదు, నాకు బతకాలనే ఉంది, కొత్తగా పొద్దున పూట వంక దాకా పోవడం నేర్చుకున్నవాణ్ణి. చెయ్యి చూసి తినాలంతే. ఏ చెయ్యి? అక్క చెయ్యి గుర్తు తెచ్చుకోబోతే జైలు గేటు దగ్గర కమ్మీ పట్టుకున్న చెయ్యి వచ్చింది, దాన్ని పక్కకు నెట్టి ఇంకా వెనక్కి పోయినాను. కళ్లు మూసుకోలేదు. ఏజెంటు వైపు చూస్తూ ఒక లడ్డు తీసి సగం కొరికాను.

పంటి కింద ఎండుద్రాక్ష. ఇంకొకటి. మళ్లీ ఒకటి. రవ్వ తక్కువ, ద్రాక్ష ఎక్కువ. ఇట్లా లడ్డు ఎవరు చేస్తారు, ఉండ కూడా కట్టదు, ఎట్లా అదిమి చుట్టిందో. మా నాయన ప్రొద్దుటూరు సంతలో గొర్రెలమ్మిన రోజు కాగితం పొట్లంలో ఎండుద్రాక్ష తెచ్చేవాడు. అమ్మ లడ్లు చేసేది, తలా రెండు. నేను నా లడ్లలో ద్రాక్షలు గిల్లుకుని తిని రవ్వ వదిలేసేవాణ్ణి, దానికి దెబ్బలు తినేవాణ్ణి. అక్క తన లడ్డులోవి ఒక్కొక్కటే తీసి నా నోట్లో పెట్టేది, నా రవ్వ తను తినేది. ఎనిమిదేళ్లది అప్పుడు. ఇప్పుడు యాభై దాటింది. ద్రాక్షకు రవ్వ అడ్డం రాకుండా లడ్డు చుట్టి పంపింది. చంపాలనుకున్న చెయ్యి ఇన్ని ద్రాక్షలు వెయ్యదు. నాకు ఏడుపు వచ్చింది, నోటి నిండా లడ్డు ఉండగా వచ్చింది, పశువుల ఆసుపత్రిలో, ఎవరో ఎద్దును పట్టుకుని నిలబడి చూస్తుండగా. మిగతా సగం కూడా తిన్నాను. ఇంకొకటి తిన్నాను.

గేటు పక్క బంకులో రూపాయి వేసి మాట్లాడే ఎర్ర ఫోను నుంచి ఇంటికి చేశాను. కుళ్లాయప్ప మొదటి మోతకే ఎత్తాడు. ఏజెంటు పోయినాడా అన్నాడు. ఇంకా తెలియదు అన్నాను. "నేను తిన్యా. రెండు లడ్లు తిన్యా. నిన్ననే తినాల్సింది. ఏజెంటు నోట్లో పెట్టింది తప్పు, నాది. అమీర్ బాషాకు అన్నం పెట్టి పంపిచ్చు." ఎందుకు తింటివి చిన్నాయనా అన్నాడు, చిన్నప్పటి గొంతుతో. మీ మేనత్త చేసిందిరా, అందుకని తిన్నాను అన్నాను. రూపాయి అయిపోయి ఫోను కట్టయ్యే లోపల, అమ్మా, బాషా మామకు చెంబు నీళ్లియ్యి అని వాడు లోపలికి కేక వేయడం వినబడింది.

తిరిగి వచ్చేసరికి డాక్టరు చేతులు కడుక్కుని ఏజెంటు కంటి రెప్ప ఎత్తి చూస్తున్నాడు. పురుగుమందు అయితే కంటిపాప సూదిమొనంత అవుతుంది, నోట్లో చొంగ కారుతుంది, ఇది విషం మాదిరి లేదు, ఏం తిన్నాడప్పా అని అడిగాడు. డబ్బా చూపించాను. ఒకటి విరిచి చూసి తల పట్టుకున్నాడు. ఎండుద్రాక్ష కొన్ని కుక్కలకు పడదట. మనుషులకు బలమే, కుక్కకు మూత్రపిండాల మీద కొడుతుందట, ఈ మధ్యనే పుస్తకాల్లో వస్తోందట. ఇన్నేండ్లు కుక్క తింటే మనమూ తినొచ్చు అనుకుంటిమి, ఇందులో ఉన్న న్యాయం అంతే అన్నమాట. మా అక్క ప్రేమ నా వరకు రాకముందే నేను దాన్ని కుక్కకు పెట్టాను, కుక్కకు అది విషమైంది. డాక్టరు మూడు రోజులు సీసాలు ఎక్కించాలన్నాడు, గండం దాటుతాడో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు, కానీ మూత్రం పోశాడు చూడు, అది మంచిదే అన్నాడు. బల్ల కింద తడి చూసి ఇంత సంతోషపడతానని ఎన్నడూ అనుకోలేదు.

నోరు ఎండిపోయింది, కొంచెం నీళ్లు పట్టి చూడు, నీ చేత్తో తాగుతాడేమో అన్నాడు. కుండలో నుంచి అరచేతిలోకి నీళ్లు వంచుకున్నాను. వాడి మూతి దగ్గరికి తీసుకపోతే చెయ్యి నడవలేదు. ఈ రోజు వీడు వాసన చూస్తే, తల పక్కకు తిప్పుకుంటే, నేనేం చెప్పుకోవాలి? చెయ్యి వెనక్కి తీసుకుని, వాడు చూస్తుండగా, ఆ నీళ్లు ముందు నేను తాగాను. మళ్లీ వంచుకుని చాపాను. ఏజెంటు నా మొగంలోకి చూశాడు. తోక బల్లకు ఒకసారి తగిలింది. వాసన చూడలేదు, అరచేతిలో నీళ్లన్నీ నాకి, తడి ఉన్నంతసేపు నాకుతూనే ఉన్నాడు.